జ్వరానికి అపాయింట్‌మెంట్

"నీకెందుకు ఫ్లూ షాట్? పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావుగా," అన్నాడు ఉమాకాంత్, తనకీ, తల్లికీ, కూతురు రిషితకీ ఫోన్‌లో టీకా అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకుంటూ. రాధారాణి పప్పులో పోపు వేస్తోంది. ఇంట్లోనే ఉంటుంది, నిజమే. ఇంట్లో కూర్చునే రోజుకి ఎనిమిది గంటలు కంపెనీ పని చేస్తుంది. ఆ ముక్క ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండి చావదు.

పోయిన జనవరిలో రిషిత స్కూలు నుంచి ఫ్లూ మోసుకొచ్చింది. షాట్ వేయించుకుంది కాబట్టి పిల్ల రెండ్రోజుల్లో లేచి గెంతింది. పిల్ల వాంతులు ఎత్తిపోసిన రాధారాణి తొమ్మిది రోజులు మంచాన పడింది. పడింది అనడానికీ లేదు, పడుకోనిస్తేగా! నూట మూడు జ్వరంతో వణుకుతుంటే ఉమాకాంత్ రెండు మాస్కులు తెచ్చిచ్చాడు. "ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వండు. అమ్మ పెద్దావిడ, అంటుకుంటే తట్టుకోలేదు." అంత భయం ఉన్నవాడు బయటినుంచి తెప్పించొచ్చుగా? అమ్మకి బయటి తిండి పడదట. ఆ అమ్మ, అనంతలక్ష్మిగారు, వంటింటి గుమ్మం అవతల ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి, "కూర మీద దగ్గకు తల్లీ," అంది. వండినవన్నీ సుబ్బరంగా తిని, కోడలు తాగిన గ్లాసు మాత్రం గరాజ్‌లో పెట్టించింది. వండిన చేతికి లేని అంటు గ్లాసుకెలా వచ్చిందత్తయ్యా అని అడగబోతే దగ్గుతెర ముంచుకొచ్చింది, అడగలేకపోయింది.

అందుకే ఈసారి నోరు విడిచి అడిగింది, తనకీ బుక్ చేయమని.

"శనివారం ఇంట్లో వ్రతం, నలభై మంది వస్తున్నారు. ముందురోజు షాట్ వేయించుకుని జ్వరం తెచ్చుకుంటావా? తర్వాత చూద్దాంలే."

"కేటరింగ్‌కి చెప్పండి."

"సత్యనారాయణస్వామి ప్రసాదం ఎవరైనా బయట చేయిస్తారా?" హాల్లోంచి అత్తగారు. "మేం టైఫాయిడ్‌లో కూడా మడి కట్టుకున్నాం."

ఏడేళ్ళుగా ఇదే వరస. ప్రతి ఏడూ ఏదో ఒక వంట ఆమె షాట్‌కి అడ్డొస్తుంది.

శుక్రవారం సాయంత్రం నలుగురూ ఫార్మసీకి వెళ్ళారు. డ్రైవ్ చేసింది రాధారాణే. ముగ్గురూ షాట్లు వేయించుకున్నారు. ఉమాకాంత్ భుజం నిమురుకుంటూ, "అబ్బా, చెయ్యి లాగేస్తోంది. రేపు కుర్చీలు కూడా నువ్వే సర్దుకోవాలి, నావల్ల కాదు," అని తల్లినీ కూతుర్నీ తీసుకుని కారు దగ్గరికి నడిచాడు.

రాధారాణి కదల్లేదు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నలభై మందికి పులిహోర కలపాలి, ప్రసాదానికి రవ్వ వేయించాలి, కుర్చీలు మొయ్యాలి. వీళ్ళ చేతులు మాత్రం నొప్పెడతాయి! వెనక్కి తిరిగి కౌంటర్ దగ్గరికెళ్ళి, అపాయింట్‌మెంట్ లేకుండా వేస్తారా అని అడిగింది. వేస్తామన్నారు.

ఫార్మసిస్ట్ అమ్మాయి సూది సిద్ధం చేసుకుని, పనికి తక్కువ వాడే చెయ్యేదో చెప్పండి, దానికే వేస్తాను అంది.

"ఇదే," అని రాధారాణి కుడిచెయ్యి చాపింది.

"రెండ్రోజులు నొప్పి ఉంటుంది, కాస్త జ్వరం కూడా రావచ్చు."

"రెండ్రోజులేనా?" అంది రాధారాణి.