నీలం పెట్టిన పంచె

నరసన్నపేటలో రాంబాబుకు ఫొటో స్టూడియో ఉంది. పన్నెండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు కాబట్టి తనకు రానిది లేదని అతని నమ్మకం. అలాంటివాడు 2014లో విజయనగరం వెళ్లి, నారాయణమూర్తి మాస్టారి ఆదివారం తరగతుల్లో చేరాడంటే నేర్చుకుందామని కాదు. స్టూడియో గోడకు ఒక సర్టిఫికెట్టు తగిలిద్దామని.

ఆ వారం పాఠం, మనిషిని అతని పని మధ్య కూర్చోబెట్టి ఫొటో తీయడం. "పరదా ముందు నిలబెడితే ముఖమే పడుతుంది. పనిచేసే చోట తీస్తే మనిషి పడతాడు," అన్నారు మాస్టారు. వైట్ బ్యాలెన్స్ సంగతి కూడా చెప్పారు. ఎండ వెలుగు వేరు, ట్యూబులైటు వెలుగు వేరు కాబట్టి, ఏ రంగూ లేనిది ఇదీ అని కెమెరాకు ముందుగా ఒకటి చూపించాలట. అక్కడ పొరపడితే తక్కిన రంగులన్నీ తప్పుతాయట. అందుకోసం తలా ఒక బూడిదరంగు అట్టముక్క ఇచ్చారు. రాంబాబు దాన్ని స్టూడియోలో టీ గ్లాసు కింద వేసి మరిచిపోయాడు.

ఫొటోకి బొబ్బిలి శివార్లలో వీణలు చేసే అప్పలసూరిని ఎంచుకున్నాడు. అరవై దాటిన మనిషి, వసారాలో కూర్చుని పనస దుంగను ఉలితో తొలుస్తున్నాడు. కెమెరా తీశాక గానీ రాంబాబుకు అట్టముక్క గుర్తు రాలేదు. దాని బదులు తెల్లగుడ్డయినా చాలనుకున్నాడు.

"అత్తా, తెల్లగుడ్డ ఏటైనా ఉందేటి?" అని అప్పలసూరి భార్య కూర్మమ్మను అడిగాడు.

ఆవిడ లోపలికి వెళ్లి, పెట్టె అడుగు నుంచి మొగుడి పంచె తెచ్చింది. "రామతీర్థం ఎల్లినప్పుడు కడతాడు బాబూ. దీనికంటే తెల్లది మా ఇంట్లో నేదు."

నీలిమందు దండిగా పెట్టి ఉతికిన పంచె. మెరిసిపోతోంది. రాంబాబు దాన్నే ఫొటో తీసి, తెలుపంటే ఇదేనని కెమెరాకు చెప్పి, పావుగంటలో పని ముగించుకుని బస్సెక్కాడు.

ఆదివారం ఆ ఫొటో తరగతి గోడ మీదికి ఎక్కింది. అప్పలసూరి ముఖానికి పసుపు పూసినట్టుంది.

"ఏమయ్యా రాంబాబూ, ఈయనేమిటి ఇంత పచ్చగా ఉన్నాడు? అట్ట చూపించావా?" అన్నారు మాస్టారు.

ఇరవై తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. మరిచిపోయానండీ అంటే ఒక్క నవ్వుతో పోయేది. పన్నెండేళ్ల గొప్ప ఆ మాట గొంతు దాటనివ్వలేదు.

"సూపించాను మాస్టారూ. ఆయనకి పచ్చకామెర్లండీ. తాగుడు మనిషి."

"అయ్యో!" అన్నారు మాస్టారు. కాసేపు ఫొటో వంక చూసి, "అయితే ఉన్నదున్నట్టు తీశావు, బాగుంది," అని మెచ్చుకున్నారు కూడా. రాంబాబు సిగ్గు లేకుండా తలూపాడు.

రెండు రోజుల తర్వాత ఇంట్లో తల్లి తెల్లబట్టలు ముంచుతుంటే బకెట్లో నీలం నీళ్లు చూశాడు. నీలంగా ఉన్నదాన్ని తెలుపంటే, కెమెరా ఆ నీలాన్ని పోగొట్టడానికి అన్నిటికీ పసుపు పులిమిందన్నమాట! తప్పెక్కడ జరిగిందో తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

తరువాతి ఆదివారం తరగతి మొదలయ్యే ముందు, బొబ్బిలి నుంచి వచ్చే యమున అతని పక్కన చేరింది. మెత్తని మనసు ఆ పిల్లది.

"ఆ ఫొటో సూసిన కాడి నుంచి కూడు సయించనేదన్నా. సోమవారమే ఎల్లి కూర్మమ్మత్తకి సెప్పేసినాను. నా ఫోన్లో ఫొటో కూడా సూపించాను. పాపం, ఒకటే ఏడుపు. కామెర్లకని నేలుసిరి రసం తాగిస్తన్నాదట, ఉప్పూ నూనీ మానిపించేసినాదట."

నిక్షేపంలాంటి మనిషికి పత్యం! రాంబాబు తరగతిలో కూర్చోలేక బయటికొచ్చి బొబ్బిలి బస్సెక్కాడు. దారి పొడుగునా, తలెత్తితే ఎవరైనా తనని గుర్తుపడతారేమోనన్నట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అప్పలసూరి వసారాలో గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఉలి పక్కన పడుంది. దుంగ కిందటిసారి చూసినంతే ఉంది.

"రా బాబూ. సేతిలో సత్తువ నేదు. ఉప్పు నేని కూడు దిగదు కదా," అని గొంతు తగ్గించాడు. "నాను సుక్క ముట్టనోడిని. తాగుబోతునని ఎవుడో అన్నాడంట. మా ఆవిడ మూడు రోజులు నాతో మాటాడనేదు."

రాంబాబు కూర్మమ్మను పిలిచి, పంచె సంగతి, నీలం సంగతి చెప్పాడు. కామెర్లు లేవు, ఏమీ లేవన్నాడు.

ఆవిడ నుదురు కొట్టుకుంది. "అయ్యో, నాదే తప్పు బాబూ! నువ్వు తెల్లదడిగితే నీలం ఎట్టింది ఇచ్చినాను. నలుగుర్లో నీ పరువు పోనాదేటి?" అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. తప్పు ఆవిడే నెత్తిన వేసుకుంది. ఆ చెయ్యి తన చేతిలో ఉండగా రాంబాబుకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నీ తప్పు కాదత్తా. కామెర్లని, తాగుతాడని సెప్పింది నానే. నా తప్పు బయటపడిపోతాదని అలా సెప్పేసినాను."

కూర్మమ్మ చెయ్యి వదిలేసింది. మొగుడి వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పలసూరి గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. "ఫోను తియ్యి. మీ మాస్టారికి సెప్పు. నాను వింటాను."

సాయంత్రం దాకా సాగే తరగతి ఇంకా నడుస్తోంది. "స్పీకర్లో పెట్టండి మాస్టారూ, అందరూ వినాలి," అని అడిగి, రాంబాబు ఉన్నదంతా చెప్పాడు. మాస్టారు "సరే" అని ఫోను పెట్టేశారు.

కూర్మమ్మ రెండు కంచాలు పెట్టింది. పొద్దున వండిన పత్యం కూరే. మధ్యలో ఉప్పుగిన్నె తెచ్చి పెట్టింది. అప్పలసూరి దండిగా ఉప్పు వేసి కలిపి, మొదటి ముద్ద కళ్లు మూసుకుని తిన్నాడు. తరువాత గిన్నెను రాంబాబు వైపు జరిపాడు.

రాంబాబు చెయ్యి చాపలేకపోయాడు. చప్పిడి ముద్ద దిగకపోతే నీళ్లతో మింగాడు.

"ఏటి బాబూ, ఉప్పెయ్యవేటి?" అంది కూర్మమ్మ.

అతను తల అడ్డంగా ఊపి, కంచంలోకి చూస్తూ ఇంకో ముద్ద కలుపుకున్నాడు.