రాజీ కల్లు

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలలోపు రాయమల్లు చేయవలసిన పనులు ఇవి: పరలోక ప్రార్థన తడుముకోకుండా చెప్పడం నేర్చుకోవాలి. తెల్లబట్టలు ఒక జత ఉతికించి ఉంచాలి. మెడలోని తాయెత్తు తన చేత్తో తానే విప్పాలి. కల్లు మానాలి, పూర్తిగా. బీడీ కనీసం తగ్గించాలి. తగువు పడినవాళ్ల దగ్గరికి తానే నడిచివెళ్లి సమాధానపడాలి, ఒక్కరిని కూడా వదలకూడదు.

చర్చి ఉపదేశి దశరథం ఈ జాబితాను పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసిచ్చాడు. రాయమల్లుకు చదువు రాదు. అతని భార్య సరోజనకు వచ్చు. రెండేళ్ల కిందట ఆమె బాప్తిస్మం పొందినప్పుడు బైబిలు చదవడానికే అక్షరాలు నేర్చుకుంది. అందుకని ఆ వారమంతా రాయమల్లు బొగ్గుబాయిలో గనిపనికి బయలుదేరే ముందు ఆమె గుమ్మంలో నిలబడి, కోర్టు సమన్లు చదివినట్టు ఆ కాగితం చదివి వినిపించింది.

"ఆఖరుది మల్లొకపారి సదువు" అన్నాడు రాయమల్లు సోమవారం నాడు.

"ఎన్నిపార్ల సదివినా గదే ఉంటది. తగువు పడ్డోళ్లతోని సమాధానపడాలె. ఒక్కరిని ఇడువద్దు."

"ఒక్కరిని ఇడుస్తె ఏమైతది?"

"ఏం గాదు. అయ్యగారు నిన్ను గోదాట్ల ముంచడు. ఒడ్డు మీదనే ఇడుస్తడు."

అది 1965 మే నెల. వానలు పడితే గోదావరి నిండుతుంది, నిండిన నదిలో దశరథం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వడు. ఈ ఆదివారం తప్పితే మళ్లీ దసరా తర్వాతే. అన్ని నెలలు ఆగే ధైర్యం రాయమల్లుకు లేదు. కిందటేడు శ్రీరాంపూర్ బాయిలో పైకప్పు కూలినప్పుడు అతను రెండు గంటలసేపు దుంగ కింద చీకట్లో పడి ఉన్నాడు. అప్పుడు తనకు తెలిసిన దేవుళ్లందరినీ వరుసగా పిలిచి, పేర్లు అయిపోయాక, సరోజన రోజూ మాట్లాడే ఆ ఒక్కాయనను పిలిచాడు. బయటపడితే నీ వెంట వస్తానన్నాడు. బయటపడ్డాడు. ఆ రోజు నుంచి ప్రతి షిఫ్టుకూ దిగేటప్పుడు, ఇచ్చిన మాట ఇంకా బాకీ ఉండగానే కప్పు మళ్లీ కూలితే ఎట్లా అన్న దిగులు అతన్ని పట్టుకుంది.

తగువులు లెక్కపెడితే మూడు తేలాయి. సరోజన తొమ్మిది అంది గానీ, చనిపోయినవాళ్లను తీసేయమని రాయమల్లు బతిమాలుకున్నాడు.

మొదటిది పక్క క్వార్టరు కనకవ్వ. నిరుడు ఆమె కోడిపెట్ట తన అన్నం గిన్నెలో కాలు పెట్టిందని రాయమల్లు బొగ్గుపెళ్ల విసిరాడు. పెట్ట కుంటిదైంది. మంగళవారం పొద్దున అతను పోయి చేతులు జోడించాడు.

"అత్తా, తప్పైంది. మాఫ్ జెయ్యి."

కనకవ్వ చాట పక్కన పెట్టింది. "దెబ్బ తిన్నది నేనా? గదిగో, తిన్నది గక్కడ తిరుగుతున్నది. దానికి మొక్కు."

రాయమల్లు ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "ఏమే, కోడికి మొక్కుమంటుంది. మొక్కాల్నా?"

సరోజన చాలాసేపు ఆలోచించింది. ఆమెకు పది ఆజ్ఞలూ కంఠతా వచ్చు. "మొక్కకు. దేవుడు గాని దానికి మొక్కద్దని రెండో ఆజ్ఞలనే ఉన్నది. మాట జెప్పు. చేతులు మాత్రం జోడియ్యకు."

అట్లా రాయమల్లు రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, నిటారుగా నిలబడి, కుంటి పెట్టతో "తప్పైంది" అన్నాడు. లైనులో వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. పెట్ట పట్టించుకోకుండా గింజలు ఏరుకుంది.

"ఏమంటున్నది?" అని అడిగింది కనకవ్వ నవ్వాపుకుంటూ.

"ఏమంటలేదత్తా."

"గట్లయితె ఒప్పుకున్నట్టే పో."

రెండోది తోటి పనివాడు మొండయ్య. బాయిలో ఒకసారి దూరంగా ఏదో గరగరమని వినిపిస్తే, కప్పు కూలుతున్నదని రాయమల్లు కేకపెట్టి అందరినీ బయటికి ఉరికించాడు. తీరా చూస్తే అది బొగ్గు మోసే ఖాళీ టబ్బు వెనక పడుకున్న మొండయ్య గురక. అందరూ పారిపోయినా అతను మాత్రం లేవలేదు. అప్పటి నుంచి ఈ కథను రాయమల్లు దొరికినవాడికల్లా చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ గురక కొంచెం పెంచాడు. మొండయ్య పేరు గురకయ్య అయిపోయింది.

"మాఫ్ జేస్త గని" అన్నాడు మొండయ్య, "రాజీ కల్లు ఎప్పుడు తాపిస్తవు బావా?"

రాయమల్లు భయపడింది దీనికే. ఆ ప్రాంతంలో రాజీ అంటే నోటిమాట కాదు. తగువు పడిన ఇద్దరూ కల్లుకుండ, అంటే లొట్టి, మధ్యలో పెట్టుకుని కూర్చోవాలి, ఒకే ముంతతో వంతులవారీగా తాగాలి, చుక్క మిగలకుండా తాగి ముంత బోర్లించాలి. ముంత బోర్లిస్తేనే తగువు తీరినట్టు. ఈ సంగతి దశరథానికి తట్టినట్టు లేదు. కాగితంలో కల్లు మానాలని ఒక వరుసలో రాశాడు, రాజీ పడాలని ఇంకో వరుసలో రాశాడు, ఆ రెండు వరుసలూ ఒకదాన్నొకటి మెడపట్టి గెంటుతాయని ఆలోచించలేదు.

"కల్లు బందు వెట్టిన. చాయ తాపిస్త" అన్నాడు రాయమల్లు.

"చాయతోని రాజీయా? పెండ్లి జేసి బువ్వ పెట్టనట్టుంటది."

"మిరపకాయ బజ్జీలు గూడ పెట్టిస్త."

మొండయ్య బజ్జీలు తొమ్మిది తిన్నాడు, గ్లాసు బోర్లించాడు, "గిది కచ్చా రాజీ" అని చెప్పి వెళ్లిపోయాడు.

మూడోది రాయమల్లు అన్న గట్టయ్య. చొప్పదండిలో వ్యవసాయం. ఆరేళ్ల కిందట వాళ్ల తండ్రి, బాపు, చనిపోతే కబురు శ్రీరాంపూర్‌కు రెండు రోజులు ఆలస్యంగా అందింది. రాయమల్లు పోయేసరికి బూడిద కూడా చల్లారింది. కడసారి ముఖం చూడనియ్యలేదన్న కడుపుమంటతో అతను దినం నాడు, బాపు పేరు మీద పెట్టిన కల్లు లొట్టిని చుట్టాలందరి ముందూ కాలితో తన్నాడు. కల్లు విస్తళ్ల కిందికి పారింది. ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

శనివారం రాయమల్లు సెలవు పెట్టి, మంచిర్యాలలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, కరీంనగరంలో బస్సు మారి, మధ్యాహ్నానికి చొప్పదండి చేరాడు. గట్టయ్య వాకిట్లో తాడు పేనుతున్నాడు. తల ఎత్తాడు, దించాడు. లోపలున్న భార్యను పిలిచాడు.

"శంకరవ్వా! వచ్చినాయన ఏం పనిమీద వచ్చిండో అడుగు."

శంకరవ్వ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "ఏం పనిమీద వచ్చినవు మరిదీ?"

"తప్పైందని చెప్ప వచ్చిన వదినె."

"తప్పైందట."

"ఆరేండ్లకు ఎరుకైందా అని అడుగు."

"ఆరేండ్లకు…" అని మొదలుపెట్టి శంకరవ్వ గరిటె ఊపింది. "చెవులున్నయి గద ఇద్దరికి! నాకు పొయ్యిల కూర మాడుతున్నది." అని లోపలికి పోయింది.

మధ్యన మనిషి లేకపోయేసరికి గట్టయ్యకు నేరుగా మాట్లాడక తప్పలేదు. "నువ్వు తన్నింది నా లొట్టి గాదు, బాపు లొట్టి. గసొంటి లొట్టే నెత్తిమీద మోసుకరా. ఇద్దరం కూసోని తాగుదాం. ముంత బోర్లిస్తె అయిపాయె."

"తెస్త అన్నా. తాగ."

"తాగవా?"

"దేవునికి మాటిచ్చిన. రేపు మూడింటికి గోదాట్ల బాప్తిస్మం. నువ్వు మాఫ్ జెయ్యకుంటె గది గూడ లేదు."

"అంటె నీ దేవుని కోసం వచ్చినవు, నాకోసం గాదు."

నిజమేమిటంటే, రాయమల్లు ఉపదేశి పంపితేనే వచ్చాడు. పంపకపోతే ఇంకో ఆరేళ్లయినా వచ్చేవాడు కాదు. ఆ మాటే అన్నాడు. "ఆయన తోలితేనే వచ్చిన. నా అంతల నాకు రావాల్నంటె మొకం చెల్లలే."

గట్టయ్య తాడు పక్కన పడేశాడు. "ముందుగాల లొట్టి తే."

రాయమల్లు తాళ్లవనానికి పోయి లొట్టి కొని నెత్తిన పెట్టుకుని ఊరి నడిమధ్య నుంచి నడిచాడు. అరుగుల మీది వాళ్లకు పండగైంది.

"వీడు కిరస్తానపోళ్లల్ల కలుస్తున్నడన్నరు గదనే!"

"కలిసేముందు కడుపునిండ తాగి కలుస్తడేమో!"

అతను మెడ తిప్పలేదు. తిప్పితే కల్లు ఒలికి మీద పడుతుంది. అప్పటికే కొంచెం ఒలికి భుజం తడిసింది.

సాయంత్రం ఎండ తగ్గాక అన్నదమ్ములు వాకిట్లో లొట్టికి చెరోవైపు కూర్చున్నారు. గట్టయ్య మొదటి ముంత తాగి, రెండోది నింపి తమ్ముడికి అందించాడు. ఎండాకాలపు తాటికల్లు, నురగ ఇంకా దిగలేదు. ఆరు రోజులుగా తాగని నోట్లో నీళ్లూరాయి. ఒక్క గుటక వేస్తే అన్న దొరుకుతాడు, చొప్పదండిలో వేసిన గుటక దశరథానికి ఎట్లా తెలుస్తుంది? దుంగ కింద పడి ఉన్నప్పుడు కూడా రాయమల్లుకు ఇంత కష్టం కాలేదు. అప్పుడు చేయడానికి ఏమీ లేదు, ఇప్పుడు ముంత చేతిలో ఉంది.

అతను ముంతను మెల్లగా అన్న ముందర పెట్టాడు.

"గట్లయితె లేచి పో!" అన్నాడు గట్టయ్య.

"పోనన్నా. తాగితె దేవుని ముంగట అబద్ధికున్నైత. తాగకుంటె నీ ముంగట తప్పుగాన్నైత. నువ్వు తిట్టు, కొట్టు. పొద్దుగాల దాక ఈడనే కూసుంట."

గట్టయ్యే లేచాడు. పశువుల కొట్టం దాకా పోయాడు, వచ్చాడు. మళ్లీ పోయాడు, వచ్చాడు. లొట్టి వైపు చూశాడు.

"సగం మిగిలితె రాజీ గాదు. పారవోస్తె మల్ల గదే తగువు. మరి నీ వంతు ఎవడు తాగాలె?"

రాయమల్లు ముంతను ఇంకొంచెం అన్న వైపు జరిపాడు.

"ఊరోళ్లను పిలువాల్నా? నా తమ్ముని వంతు పరాయోడు తాగుడేంది!" అని గట్టయ్య కూర్చుని, తమ్ముడి ముంత ఎత్తి గటగటా తాగేశాడు. "గిది వాంది." మళ్లీ నింపుకున్నాడు. "గిది నాది."

లొట్టి సాయంత్రమంతా నడిచింది. వంతుల విషయంలో గట్టయ్య చాలా నిక్కచ్చిగా ఉన్నాడు. తమ్ముడి వంతు తాగిన ప్రతిసారీ తమ్ముణ్ణే అడిగేవాడు.

"తమ్మీ, ఎట్లున్నది?"

"మంచిగున్నదన్నా."

"పులిసినట్టు లేదా?"

"లేదన్నా. కమ్మగున్నది."

ఎనిమిదో ముంత ఎవరి వంతో మరిచిపోయి, శంకరవ్వను అడిగి తెలుసుకున్నాడు. చివరి ముంత తాగి, దాన్ని నేలమీద బోర్లించి, దానితోపాటు తానూ తమ్ముడి భుజంమీద బోర్లాపడ్డాడు. పడి ఏడ్చాడు.

"బాపు ఆఖరుకు నిన్నే పిలిచిండురా. పక్కన కూసున్నది నేను. నీళ్లు పోసింది నేను. పిలిచింది నిన్ను. నువ్వొచ్చెదాక ఆగుదామన్నరు అందరు. నేనే ఆగలే. నువ్వు గూడ నన్ను మాఫ్ జెయ్యాలె."

రాయమల్లు అన్న తల నిమిరాడు.

ఆదివారం తొలి బస్సుకు బయలుదేరితే గట్టయ్య కూడా తలకు తువ్వాల బిగించి వెంట ఎక్కాడు. "రాజీ అయ్యిందని నువ్వు జెప్తె ఎవడు నమ్ముతడు? సాక్షి నేను" అన్నాడు. దారి పొడుగునా తమ్ముడి భుజంమీదే తల పెట్టి నిద్రపోయాడు.

గోదావరి ఒడ్డున దశరథం, సంఘస్థులు, సరోజన ఎదురుచూస్తున్నారు. అన్నదమ్ములు ఇసుకలో నడిచి దగ్గరికి వచ్చేసరికి దశరథం ముక్కు ఎగబీల్చాడు. రాయమల్లు చొక్కా కల్లు వాసన గుప్పుమంటోంది. సరోజన చేతిలోని తెల్లబట్టలు ఇసుకలో పడబోయాయి.

"రాయమల్లూ" అన్నాడు దశరథం, "కాగితంల నాలుగోది ఏంది?"

"కల్లు మానుడు అయ్యగారూ. మానిన."

"మరి ఈ వాసన?"

గట్టయ్య తమ్ముణ్ణి పక్కకు జరిపి ముందుకొచ్చాడు. "వాసన నాదయ్యా. వాడు చుక్క ముట్టలే. రాజీ గావాల్నంటె ఇద్దరి వంతు ఒడవాలె, చుక్క మిగలద్దు. వాడు తాగనంటడు. గందుకని వాని వంతు గూడ నేనే తాగిన. తల పలిగిపోతున్నది, ఇంకేమన్న అడిగేదుంటె జర మెల్లగ అడుగు."

దశరథం అతని వైపు తిరిగాడు. "అతని వంతు నువ్వు తాగినవా?"

"తమ్ముడు గదయ్యా."

మన శిక్ష అనే గిన్నెను మన బదులు ప్రభువే తాగాడన్న సంగతి మీద దశరథం వరుసగా మూడు ఆదివారాలు ప్రసంగించాడు. రాయమల్లు మూడుసార్లూ తల ఊపాడే గానీ ఒక్క ముక్కా ఎక్కలేదు. ఇప్పుడు అన్న ఎర్రబడిన కళ్లు చూస్తుంటే మొత్తం ప్రసంగం ఒక్కసారిగా తలకెక్కింది. దశరథం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, "పోయి బట్టలు మార్చుకో" అన్నాడు.

నడుంలోతు మడుగులో రాయమల్లు పరలోక ప్రార్థన ఒక్కచోట కూడా తడుముకోకుండా చెప్పాడు. దశరథం తాయెత్తు విప్పేసిన అతని మెడ వెనక చెయ్యి వేసి, పేరు పెట్టి, నీళ్లలో ముంచాడు. బాప్తిస్మం అంటే నెత్తిన నీళ్లు చల్లుతారనుకున్న గట్టయ్య, తమ్ముడు కనిపించకుండా పోయేసరికి కేకపెట్టి, తువ్వాలతో సహా నదిలోకి ఉరికాడు.

"ఆగయ్యా! ఏందయ్యా గిది! నిన్ననే గద రాజీ అయ్యింది, సంపుతవా ఏంది వాన్ని?"

"నువ్వాగు గట్టయ్యా! నీకు ఇయ్యాల గాదు!" అని అరిచాడు దశరథం, ఒక చేత్తో తమ్ముణ్ణి లేపుతూ, ఇంకో చేత్తో అన్నను ఆపుతూ. రాయమల్లు నీళ్లు కారే ముఖంతో పైకి లేచేసరికి ఎదురుగా అన్న రొప్పుతూ అతని చొక్కా పట్టుకుని ఉన్నాడు. ఒడ్డున సంఘం పాట ఎత్తుకోవాల్సిన వేళకు నవ్వు ఎత్తుకుంది. అందరికంటే ముందు నవ్వింది సరోజన.

గట్టయ్య ఆ తర్వాత కూడా బాప్తిస్మం తీసుకోలేదు, కల్లు మానలేదు. తమ్ముడు ఏటా పోయి అడిగేవాడు, ఏటా అతను "సూద్దాం తియ్యి" అనేవాడు. ఇది చదివినవాళ్లకు ప్రార్థన చేసే అలవాటు ఉంటే, రేపు మోకరించినప్పుడు చొప్పదండి గట్టయ్యను కూడా ఒక్కసారి తలచుకోండి.