సంస్కారపు ఆదివారం

నెలనెలా మొదటి ఆదివారం జహీరాబాద్ చర్చిలో ఒక వింత జరిగేది. పాస్టరు అయ్యగారు సంస్కారపు రొట్టె మీది తెల్లగుడ్డ తీయగానే దేవమ్మ కొంగు సర్దుకుని ఎడమ తలుపులోంచి బయటికి నడిచేది. ఆమె అన్న జగ్గయ్య కండువా దులుపుకుని కుడి తలుపులోంచి వెళ్లేవాడు. మనసులో పగ పెట్టుకుని ప్రభు సంస్కారపు రొట్టె ముట్టరాదని చిన్నప్పుడు వాళ్లకు నేర్పింది తల్లి అనంతమ్మే. ఆ మాటను ఆరేళ్లుగా ఇద్దరూ నిష్ఠగా పాటిస్తున్నారు. పగ వదిలేస్తే సరిపోతుందన్న సంగతి మాత్రం ఒక్కరికీ తోచలేదు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి!

పగ ఊరికే పుట్టలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. పంతొమ్మిదివందల డెబ్బైమూడులో తండ్రి పోయాడు. కబురందిన గడియలోనే దేవమ్మ చిరాగ్‌పల్లిలోని అత్తగారింటి నుంచి బయల్దేరింది. దారిలో లారీ బోల్తాపడి బొంబాయి రోడ్డు మూసుకుపోయింది. నడిచీ పరుగెత్తీ ఆమె చేరేసరికి జగ్గయ్య శవపెట్టె మూయించి, మట్టి కూడా వేయించేశాడు. ఆమెకు కడసారి చూపు దక్కలేదు. "వానొస్తదని తొందరపెట్టిన్రు," అన్నాడతను. ఆ రోజు చుక్క వాన పడలేదు. దేవమ్మ మళ్లీ అన్న గడప తొక్కలేదు.

ఆరేళ్లకు, డెబ్బైతొమ్మిదిలో, అనంతమ్మ మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరు చెరో రెక్క పట్టుకుంటే గాని సంస్కారపు బల్ల ముందు మోకరించలేకపోయేది. పొరుగింటి నీలమ్మా మణెమ్మా పట్టుకునేవాళ్లు. ఒక సంస్కారపు ఆదివారం ముసలమ్మ వాళ్ల చేతులు విడిపించుకుని నడి చర్చిలో నిలబడిపోయింది.

"మీకు దండం పెడ్త, జర వదలున్రి. నాకు ఇద్దరు పిల్లలున్నరు. వాళ్లొచ్చి పట్టుకుంటె పోత. లేకుంటె ఈడనే నిలబడ్త."

ఆమె ఊగుతోంది. తలుపు దాకా వెళ్లిన దేవమ్మ అది చూసింది. పరుగెత్తి తల్లి కుడిచేయి పట్టుకుంది. తలెత్తి చూస్తే ఎడమచేయి అప్పటికే జగ్గయ్య చేతిలో ఉంది.

ముగ్గురూ మోకరించారు. అయ్యగారు పళ్లెంతో ఆ చివర నుంచి వస్తున్నారు. దేవమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. పగతో ముడితే పాపం, ముట్టకుండా లేస్తే అమ్మ ప్రాణం ఈ దిగులుతోనే పోతుంది. తప్పయిందని అన్న ఒక్క మాటంటే బాగుండు. అనడు, ఆమెకు తెలుసు. అల్లం చేల మట్టి పట్టిన అతని గోళ్లు కనిపించాయి. తనను భుజాలకెత్తుకుని జాతర్లన్నీ తిప్పిన అన్న ఇతనే కదా! ఆరేళ్లు ఎంత బరువు మోశాను దేవుడా అనుకుంది.

"అన్నా," అంది తల్లి తల మీదుగా. "నేను మాఫ్ చేసిన."

"దేవీ, ఆ దినం వాన..."

"నేనేం అడగలే. నువ్వేం చెప్పకు."

జగ్గయ్య తల అడ్డంగా ఊపాడు. "వాన కాదే. నాయిన ముఖం సూడలేక నేనే మూయించిన. నీకోసం ఆగాల్సింది."

అయ్యగారు ఎదుటికొచ్చేసరికి అతను చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నాకు తగదయ్యగారూ."

దేవమ్మ తల్లి ముందు నుంచి వంగి అతని మణికట్టు పట్టుకుంది.

"తగినోళ్లకే పెడితె ఈడ ఎవరుంటరన్నా? నాకు తగిందా? చెయ్యి చాపు."

అతను చాపాడు. రొట్టె ముక్క అందులో పడేదాకా ఆమె ఆ చేతిని వదల్లేదు.