బ్రూన్యా కవచం

స్కూలు బస్సు నడిపే మార్లిస్ తన తప్పు తాను ఒప్పుకోగా విన్నవాళ్లు, విన్నెబాగో సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఒక్కరూ లేరు. అలాంటి మనిషి ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం వంటింటి బల్ల ముందు వేళ్ల మీద లెక్క మళ్లీ మళ్లీ వేసుకుంటూ కూర్చుంది. ఎదురుగా మూడు పుస్తకాలు, ఒక రేకు బిస్కెట్ల డబ్బా, అందులోంచి తీసిన పాత కాగితం ఒకటి ఉన్నాయి.

అంతా లైబ్రరీ పిల్ల టెస్సా వల్ల వచ్చింది. "మార్లిస్ గారూ, శనివారం కొత్తవాళ్లు వస్తున్నారు. నల్లకోట ఆటకి మూడు ఎడిషన్లున్నాయట కదా, ఏది కొనాలో తెలీక బుర్ర గోక్కుంటున్నారు. మీరొచ్చి కాస్త తేడాలు చెప్పండి" అని అడిగింది. ఆ ఆట గురించి చెప్పమంటే మార్లిస్‌కి భోజనం కూడా గుర్తుండదు. సరేనంది.

నల్లకోట బల్ల చుట్టూ చేరి ఆడే ఆట. ఒకరు సూత్రధారి. గుహలు, రాక్షసులు, గాలివాన అన్నీ ఆ మనిషి నోట్లోంచే వస్తాయి. మిగతావాళ్లు తలా ఒక వీరుణ్ణి కాగితం మీద తయారుచేసుకుని ఆ గుహల్లోకి దిగుతారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. హైస్కూల్లో ఉన్నప్పటినుంచి ఆ బల్లకి మార్లిసే సూత్రధారి. చనిపోయిన వీరుడి కాగితం మీద ఆడినవాడే సంతకం పెట్టి, తన చేత్తోనే బిస్కెట్ల డబ్బాలో పెట్టాలి. అది వాళ్ల బల్ల ఆచారం. డబ్బాలోకి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ బయటికి రాలేదు.

చెప్పడం కంటే చూపించడం మేలనుకుంది మార్లిస్. ఒకే వీరుడు, ఒకే రాక్షసుడు, ఒకే పోరు మూడు పుస్తకాల ప్రకారం నడిపి చూపిస్తే తేడా కళ్లకు కట్టినట్టుంటుంది. మొదటి ఎడిషన్ స్టేపుల్ పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకం. అందులో లోకమంటూ ఏమీ లేదు. ఒక గుహ, కొందరు రాక్షసులు, మిగతాది మీరే అల్లుకోండి అని వదిలేశాడు రాసినాయన. రెండోది దిండంత లావు. గుర్రానికి జలుబు చేస్తే ఏం చేయాలో కూడా అందులో నియమముంది. మూడో దాంట్లో రాజ్యాలు, పటాలు, ఏడు తరాల రాజుల వంశావళి ఉన్నాయి, లెక్కలు మాత్రం చిన్నపిల్లలు కూడా చేసేటంత తేలిక. మార్లిస్‌కి ప్రాణమంతా ఈ మూడోదే.

డబ్బాలో చెయ్యి పెడితే చేతికొచ్చింది బ్రూన్యా కాగితం. బ్రూన్యా మరుగుజ్జు జాతి యోధురాలు. హైస్కూలు నేస్తం లైల్ పంతొమ్మిదేళ్లు ఆడిన పాత్ర. కాగితం చెరిపి చెరిపి గుడ్డలా మెత్తబడిపోయింది. కింద సంతకం లేదు. సంతకం పెట్టకుండానే లైల్ వెళ్లిపోయాడు, ఇరవై మూడేళ్ల కింద. కాగితాన్ని డబ్బాలో పడేసింది మార్లిసే.

అది ఒక ఆదివారం మధ్యాహ్నం. మూడో ఎడిషన్ కొత్తగా వచ్చింది. పాత వీరుల అంకెల్ని కొత్త పుస్తకం లెక్కలోకి తానే మారుస్తానని మార్లిస్ మాటిచ్చింది. లైల్ మాత్రం, "ఇది ఆటా, పట్వారీ కచేరీయా? రాజుగారి ముత్తాత పేరు నాకెందుకు?" అని మొండికేసి, ఆఖరి నిమిషంలో కాగితం తెచ్చి బల్ల మీద పడేశాడు. ఆట మొదలైంది. మంచు రాక్షసుడు నాలుగు దెబ్బలు వేశాడు, నాలుగూ తగిలాయి, బ్రూన్యా పోయింది. "నీ కొత్త పుస్తకం చంపింది దాన్ని!" అని లైల్ అరిచాడు. "పుస్తకం కాదు, పాచిక చంపింది. ఓడిపోవడం చేతకాకపోతే ఇంట్లో కూచుని పేకముక్కలు పేర్చుకో" అంది మార్లిస్. అంతే, మళ్లీ మాటల్లేవు. చర్చిలో, శుక్రవారం చేపల వేపుడు విందులో, పెట్రోలు బంకులో ఎదురుపడినా ఆమె ఒక పక్కకి, అతను ఒక పక్కకి చూసేవాళ్లు.

మార్లిస్ తన నోటు పుస్తకాలేవీ పారెయ్యదు. ఆనాటి పాచికలు అందులో వరసగా ఉన్నాయి. తొమ్మిది, పదకొండు, ఏడు, పది. మొదటి పుస్తకం తెరిచింది. బ్రూన్యా కవచం రెండు. మొదటి రెండు ఎడిషన్లలో కవచం అంకె ఎంత తగ్గితే అంత గట్టి. రెండంటే ఉక్కు పలక. రాక్షసుడికి పన్నెండు పడితేగాని తగలదు. నాలుగు దెబ్బలూ తప్పాయి. రెండో పుస్తకం తీసింది. అక్కడా తప్పాయి.

మూడోది తీసింది. అందులో లెక్క తిరగబడింది. అంకె పెరిగిన కొద్దీ గట్టి. పాత రెండు అక్కడ పద్దెనిమిది కావాలి. రాక్షసుడి బలం ఆరు కలిపినా ఒక్క పాచికా పద్దెనిమిదికి చేరలేదు. ఇక్కడా తప్పాయి! మరి బ్రూన్యా ఎలా చచ్చింది?

మార్లిస్ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. తను మార్చిన ప్రతి అంకెనూ ఆకుపచ్చ పెన్సిలుతో రాయడం ఆమెకి అలవాటు. మొగుడు గోర్డీ కూడా ఆ బల్లలోవాడే, అతని కాగితం నిండా ఆకుపచ్చే. లైల్ కాగితం మీద ఆకుపచ్చ చుక్క కూడా లేదు. ఆ ఆదివారం "కవచం ఎంత?" అని తను అడిగింది, "రెండు" అని అతను చదివాడు. కొత్త పుస్తకంలో రెండంటే ఒంటిమీద నూలుపోగు లేనివాడికన్నా అధ్వానం. మార్చడం మరిచిపోయింది తను. చంపిందీ తనే.

గోర్డీ జున్ను ముక్కలు నములుతూ వచ్చి, "ఏమైందే, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు.

"గోర్డీ, నేను తప్పు చేశాను."

గోర్డీ నమలడం ఆపేశాడు. "డాక్టర్ని పిలవమంటావా?"

మర్నాడు పొద్దున్న పిల్లల్ని బడిలో దింపేసి మార్లిస్ కారును తిన్నగా గడ్డకట్టిన సరస్సు మీదికి పోనిచ్చింది. స్టర్జన్ అనే పెద్ద చేపల్ని బల్లెంతో పొడిచే వేట రోజులు. మంచు మీద వేటగాళ్ల గుడిసెలు వందల్లో లేచాయి. లైల్‌ది ఎర్ర తలుపు గుడిసె అని ఊరందరికీ తెలుసు. దారంతా ఆమె చెప్పాల్సిన మాటల్ని పైకే వల్లె వేసుకుంది. అతను తలుపు తియ్యకపోతే? విని, "పో" అంటే? ఇరవై మూడేళ్లు అతన్ని ఏడుపుగొట్టు మనిషని ఊరంతా చాటింది తనే.

లోపల చీకటి. మంచు నేలలో కోసిన తలుపంత కన్నం, అడుగున పచ్చగా వెలిగే నీళ్లు. లైల్ ముక్కాలిపీట మీద వంగి, బల్లెం పక్కన వేలాడదీసుకుని నీళ్లలోకే చూస్తున్నాడు.

"తలుపెయ్, వెలుగొస్తే చేప కనపడదు" అన్నాడు తల ఎత్తకుండా. ఎవరో కాలి చప్పుడునుబట్టే పోల్చుకున్నాడు. "ఏమే మార్లిస్, దారి తప్పావా?"

"ఒరేయ్ లైల్, ఒక మాట చెప్పి పోతాను. కోప్పడకు."

"మూడేళ్లయింది ఇక్కడ చేప మొహం చూసి. ఇంతకన్నా కోపమేం వస్తుంది, చెప్పు."

"నీ బ్రూన్యా చావలేదురా. నాలుగు దెబ్బలూ తప్పాయి. నీ కాగితం మార్చడం నేనే మరిచిపోయాను. తప్పు నాదే."

సరిగ్గా అప్పుడే కన్నం కింద నల్లగా, మనిషంత పొడుగున్న చేప ఒకటి తాపీగా ఈదుకుంటూ పోయింది. లైల్ చెయ్యి బల్లెం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. చేప వెళ్లిపోయింది.

"చూశావా? నీ మూలంగా అదీ పోయింది" అన్నాడు లైల్.

"చూశాను. నన్ను తిట్టు."

అతను బల్లెం మీంచి చెయ్యి తీశాడు. నీళ్లలోకే చూస్తూ, "నాకు తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"పద్దెనిమిదని. ఆ తర్వాతి వారమే లైబ్రరీకి పోయి దొంగచాటుగా చూశాను, నీ కొత్త పుస్తకం."

మార్లిస్‌కి ఒళ్లు మండింది. "తెలిసీ ఇరవై మూడేళ్లు నోరు కుట్టుకున్నావా? ఒక్క మాట చెప్పొచ్చుగా సన్నాసీ!"

"ఎలా చెప్పను? చెబితే నీ కొత్త పుస్తకం బ్రూన్యాని బతికిస్తుందని నేనే ఒప్పుకోవాలిగా. అది చెత్తని ఊరంతా చాటి ఉన్నాను."

ఇద్దరూ ఆ పచ్చటి నీళ్లలోకి చూస్తూ కూర్చున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. నవ్వు ఆగాక మార్లిస్ కళ్లు తుడుచుకుని, "రేపు లైబ్రరీలో ఆట ఉంది. నువ్వు వెళ్లాక నీ కుర్చీలో ఎవరు కూచున్నా నాకు నచ్చలేదురా, అది నిజం" అంది. లైల్ వస్తాననలేదు, రాననలేదు.

శనివారం రెండింటికి లైబ్రరీలో పదిమంది దాకా చేరారు. మార్లిస్ మూడు పుస్తకాల సంగతీ చెప్పింది, గుర్రం జలుబుకి అందరూ నవ్వారు. ఆమె కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. రెండున్నరకి లైల్ వచ్చాడు. చేప వాసన కొడుతున్న కోటుతోనే వచ్చి గోర్డీ పక్క ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. మార్లిస్ బిస్కెట్ల డబ్బా తెరిచి బ్రూన్యా కాగితాన్ని అతని ముందు పెట్టింది. అందరూ చూస్తుండగా డబ్బాలోంచి ఒకరు బయటికి రావడం అదే మొదలు. లైల్ కాగితాన్ని అరచేత్తో రెండుసార్లు సాపు చేశాడు.

"సరే, మంచు రాక్షసుడు మళ్లీ వచ్చాడు" అంది మార్లిస్. లైల్ చూడకుండా తన మూడో పుస్తకాన్ని పక్కకి నెట్టి, పిన్నులు తుప్పు పట్టిన మొదటి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. అతని కోసం ఈ ఒక్క రోజూ పాత లెక్కే నడపాలని పొద్దున్నే అనుకుంది. పాచిక వేసింది. తొమ్మిది. "కవచం ఎంత?"

లైల్ కాగితం మీది రెండు అంకెను బొటనవేలితో కప్పాడు. ఆ మాట అతనికెంత బరువో గోర్డీకి తెలుసు, మార్లిస్‌కి ఇంకా బాగా తెలుసు.

"పద్దెనిమిది" అన్నాడు, తాను చెత్తన్న కొత్త పుస్తకం లెక్కలో.

మార్లిస్ వేలు పాత పట్టిక మీద దిగింది. ఈ పుస్తకంలో పద్దెనిమిదంటే గాలి వీచినా తగులుతుంది. తగిలిందని చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయింది. పుస్తకం మూసి, అతని మొహంలోకి చూసింది.

"ఆగరా. ఏ పుస్తకం ప్రకారం?"