ద్వారబంధం మీద చేపలు

డాక్టర్ ఉమాదేవి చదివింది పరిణామ శాస్త్రం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అది పరిణయ శాస్త్రమనుకుని ముచ్చటపడ్డారు, సంగతి తెలిశాక అంతే వేగంగా కాఫీలు ముగించి లేచారు. అప్పటినుంచి ఆవిడ బందరు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, జీవపరిణామం గురించి ఆదివారం పేపర్లకు తెలుగులో రాసుకుంటూ, ఇంకొకరి ముచ్చట తీర్చే పని పెట్టుకోలేదు.

ఆవిడ కొత్త పుస్తకం ‘తొందరపడ్డ చేప’కు గుడివాడలోని ఒక విజ్ఞాన పరిషత్తు బహుమతి ప్రకటించింది. సభ ఉదయం పదింటికి. తొమ్మిదిన్నరకు పరిషత్తు అధ్యక్షులు శోభనాద్రి గారు ఆవిడను హాలు వెనక గదిలోకి పిలిపించారు. రిటైరైన ప్రొఫెసరు. మనిషిలో శోభ పాలు తక్కువ, అద్రి పాలు ఎక్కువ. కుర్చీ ఆయన్ను భరిస్తోంది, ఆయన లోకాన్ని భరిస్తున్నారు.

“అట్ట మీద నీ పేరు కింద ఇంకో పేరుంది, ఎవరమ్మా?”

“కొండమ్మ గారండీ. బయట ముందు వరసలో కూర్చున్నారు.”

“ఏం చేస్తారు?”

“అవనిగడ్డ మార్కెట్లో చేపలమ్ముతారండీ.”

“ఏం చదివారు?”

“చేపల్నేనండీ.”

శోభనాద్రి గారు నవ్వలేదు. “పుస్తకం బాగుంది. కాలేజీ లైబ్రరీలన్నిటికీ సిఫార్సు చేద్దామనుకుంటున్నాం. అయితే అట్ట మీద నీ పేరొక్కటే ఉండాలి. ఆవిణ్ణి లోపల కృతజ్ఞతల్లో వేసుకో, కావాలంటే ఫొటో వేసుకో. రెండో ముద్రణలో సరిచేస్తానని స్టేజీ మీద నువ్వే ఒక మాట చెప్పు. తర్వాత శాలువా.”

సన్మానానికి వచ్చి అనుమానంలో పడటమంటే ఇదే. వందల కాలేజీల పిల్లలు తన పుస్తకం తిరగేయాలన్నది ఉమాదేవికి ఇరవయ్యేళ్ళ కోరిక. కానీ ఆ రెండో పేరు అట్ట మీదికి ఊరికే ఎక్కలేదు.

నాగాయలంక అవతల కొండమ్మ ఉండే పల్లెను డెబ్బై ఏడులో ఉప్పెన ఊడ్చేసింది. మరుసటి ఏడు కట్టుకున్న ఇంటికి కొత్త ద్వారబంధం పెట్టారు. కొండమ్మ అత్తగారికి ఒక అలవాటు ఉండేది. ఏటా కానాగంత చేపల్లో తొలిసారి జన దొరికిన చేపను (జన అంటే గుడ్ల సంచి, జనం అంటే దాన్ని వేయించుకుని తినేవాళ్ళు) గడప మీద తోక ఆనించి నిలబెట్టేది. ముక్కు ఎక్కడికి వస్తే అక్కడ ద్వారబంధం మీద కత్తితో గీత పెట్టి, ఆ తర్వాతే గంగమ్మకు నివేదించేది. అత్త పోయాక కోడలు గీసింది. నలభై అయిదు గీతలు. కరోనా ఏడు పడవలు కదల్లేదు, ఆ ఏటికి గీత లేదు.

ఆరేళ్ళ కిందట మంచినీళ్ళ కోసం ఆ ఇంటి ముందు ఆగిన ఉమాదేవి గీతలు చూసి దాహం మరిచిపోయింది.

“ఇవేంటి పిన్నీ, ఏటేటా కిందికి దిగుతున్నాయి?”

“చేప బుద్ధి మారిందమ్మా. మా అత్త రోజుల్లో జానెడు మీద నాలుగు వేళ్ళు పెరిగితేగానీ కడుపొచ్చేది కాదు. ఇప్పుడు జానెడన్నా లేకుండానే తల్లవుతుంది. పెద్దయ్యన్నీ మనం ఏరేశాంగా. నిదానంగా పెరిగి కందామనుకున్నది వల్లో పడింది, తొందరపడి కన్నది మిగిలింది. మిగిలినదాని పిల్లలకి దాని తొందరే వచ్చిద్ది మరి.”

తాను పెద్ద పెద్ద పుస్తకాలు తిరగేసి అర్థం చేసుకున్నది ఆ గడప మీద నాలుగు ముక్కల్లో తేలిపోయింది. తర్వాత ఉమాదేవి రేవుల వెంట తిరిగి వేల చేపలు కోసి కొలిచింది. కొలతలు ఆవిడవి. ప్రశ్న కొండమ్మది, జవాబులో సగం కూడా కొండమ్మదే.

“ఏటికొక చేపను కొలిస్తే దాన్ని డేటా అంటారా?” అన్నారు శోభనాద్రి గారు.

“అనరండీ. అందుకే నేను వేల చేపలు కొలిచాను. ఏం కొలవాలో చెప్పింది మాత్రం ఆవిడే.”

“దాన్ని సహకారం అంటారు.”

“ఆవిణ్ణే అడుగుదాం రండి,” అని ఉమాదేవి తలుపు తీసి కొండమ్మను పిలిచింది. పిలిచాక, నాకెందుకమ్మా పేరు అంటుందేమోనని భయం. అంటే తన దారి సులువైపోతుందని అంతకంటే భయం.

కొండమ్మ అంతా విని పైట దోపుకుంది. “నా పేరు తీసేత్తారా బాబుగారూ? తీసెయ్యండి. నా గీతలు కూడా తీసెయ్యండి మరి. మా అత్త గీతలు కూడా. అయ్యి పోయాక పుస్తకంలో ముళ్ళన్నా మిగుల్తయ్యేమో చూసుకోండి.”

“అది కాదమ్మా, నీకు పేరుతో పనేముంది?”

“మీకుందిగా. బయట బేనర్లో మీ బొమ్మ మా పడవంత ఉంది.”

పీఠికలు రాసి పెరిగిన మనిషికి కత్తిపీట ఎదురుపడటం అదే మొదలు. శోభనాద్రి గారు గడియారం చూసుకుని స్టేజీ ఎక్కారు.

“రచయిత్రి ఒక చిన్న సవరణ చెబుతారు,” అని మైకు ఉమాదేవి చేతికిచ్చారు.

“సవరణ ఉందండీ,” అంది ఉమాదేవి. “ఈ పుస్తకం అట్ట మీద నా పేరు పైన, కొండమ్మ గారి పేరు కింద పడింది. తప్పు నాదే. రెండో ముద్రణలో ఆవిడ పేరు పైన ఉంటుంది.”

శాలువా విప్పబోయిన చేతులు దాన్ని మళ్ళీ మడతపెట్టాయి. శోభనాద్రి గారు కనుసైగ చేశారు, మైకు మూగబోయింది. కరెంటు పోయిందన్నారు. పైన ఫాన్లు హాయిగా తిరుగుతున్నాయి.

“పిన్నీ, మీరు చెప్పండి,” అంది ఉమాదేవి.

కొండమ్మ స్టేజీ ఎక్కింది. నలభై ఏళ్ళు మార్కెట్లో వంద గొంతుల మీదుగా బేరం పిలిచిన మనిషి. “వెనకాల వినపడుతుందా?” అంది.

“పక్క వీధిలోకి కూడా వినపడుతుందండీ,” అంది చివరి వరసలోంచి శ్రీజ అనే విద్యార్థిని.

“సభ ముగిసింది,” అన్నారు శోభనాద్రి గారు. ఆ మాట మొదటి వరస దాటలేదు. ఆయనొక్కరే లేచి నిలబడ్డారు, ఎవరూ లేవకపోవడంతో కాసేపు అలాగే నిలబడ్డారు.

లైబ్రరీలు పోయాయి. ఉమాదేవి స్టేజీ దిగి, ముందు వరసలో ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని, నోటు పుస్తకం తెరిచింది.

“ఈ ఊళ్ళో కానాగంతలు తినేవోళ్ళు ఎంతమంది?” అని మొదలుపెట్టింది కొండమ్మ. “చేతులెత్తండి. మీరూ ఎత్తండి బాబుగారూ.”