జవాబు రాసే ముక్క

పొద్దున్న ఇంటిపనులు ఓ కొలిక్కి వచ్చాక, డైనింగ్ టేబుల్ ఒక చివర కోడలు లాప్‌టాప్ తెరుస్తుంది, రెండో చివర అత్తగారు కూరగాయలు తరుగుతుంది. మధ్యలో మంచినీళ్ల సీసా ఇద్దరికీ ఒకటే. కోడలిది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఈమధ్య ఆమెకి అప్పగించింది, ఓ పెద్ద సోషల్ మీడియా సైటుకి లైబ్రరీ రాయడం. ఆ సైటుతో బయటి ప్రోగ్రాములు మాట్లాడాలంటే సవాలక్ష పద్ధతులు. అవన్నీ ఎవరికి వాళ్లు నేర్చుకునే బాధ లేకుండా, మధ్యలో ఉండి మాట్లాడిపెట్టేదే లైబ్రరీ.

"అంటే మధ్యవర్తి పని" అని తేల్చేసింది అత్తగారు. "జాగ్రత్తమ్మా, అటూ ఇటూ మాటలు పడేది వాళ్లే."

లైబ్రరీ సగానికొచ్చేసరికి, సైటు నుంచి పోస్టులతో పాటు వాసనలు కూడా రావడం మొదలైంది. లాప్‌టాప్ పక్కనుండే ఫ్యాను సందులోంచి వచ్చేవి. ఎవరో ఇంటికి రంగులు వేయిస్తున్నామని రాస్తే పెయింటు వాసన, ఎవరో వానలో తడిశామంటే తడి బట్టల వాసన. అత్తగారు తరుగుతున్నది ఆపకుండానే "ఎవరిదో పాలు మాడాయి" అనేది. ఎవరో పెళ్లికి ముస్తాబవుతున్నామని రాసిన రోజు, పైవాటాలో ఇంటి ఓనరమ్మ కిందికొచ్చి, ఆ సెంటు పేరేమిటో కాస్త కనుక్కోమని అడిగి వెళ్లింది. ఆఫీసులో సీనియర్‌కి చెబితే, "వాసనల సంగతి తర్వాత చూద్దాం, ముందు పోస్టుల రెండో పేజీ సరిగ్గా వచ్చేట్టు చూడమ్మా" అన్నాడు.

ఈ సీనియర్‌ని వెనకాల అందరూ బ్రేకుల మాస్టారు అంటారు. ఎవరు ఎంత ముచ్చటగా రాసి చూపించినా ఆయన అడిగేది ఒకటే: ఇది ఆగాల్సిన చోట ఆగుతుందా? కోడలికి ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండేది. పని జరగడానికి రాస్తాం గానీ ఆగడానికి రాస్తామా అని భర్త దగ్గర విసుక్కునేది. ఆ భర్త పాపం రోజూ వినేవాడు, వినడం తప్ప చేసేదేముంది.

ఆరోజు కోడలు లైబ్రరీలో పోస్టులు చదివే ముక్కని చివరిసారి పరీక్షిస్తోంది. అత్తగారు చప్పున కత్తి కింద పెట్టింది.

"గ్యాసు!"

ఒక్క ఉదుటున వంటింట్లోకి వెళ్లి, సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, స్టవ్ దగ్గర వంగి వాసన చూసి వచ్చింది. మెల్లిగా లాప్‌టాప్ మీదికి వంగింది.

"మనది కాదమ్మాయ్. ఇందులోంచి."

తెరమీద ఉన్న పోస్టు ఒక్క లైను. "పొద్దున్నుంచీ ఒకటే తలనొప్పి, కాసేపు పడుకుని లేచి వంట సంగతి చూస్తా." లేచి వంట అంటే ముందు వెలిగించేది స్టవ్వే. ఆ తలనొప్పి గ్యాసు వల్లే అయ్యుండాలి.

"ఫోన్ చేసి చెప్పవే!"

"ఎవరికని చెయ్యను అత్తయ్యా? సైటువాళ్లు పరీక్షకి ఇచ్చే పోస్టుల్లో పేరుండదు, ఊరుండదు, ఒట్టి నంబరు. ఆ నంబరుకి జవాబు పంపాలంటే లైబ్రరీలోంచే పంపాలి. ఆ ముక్క నేనింకా రాయలేదు."

"మరి రాయి!"

రాసింది. వారం పడుతుందనుకున్న పనిని, అత్తగారు భుజం మీద చెయ్యేసి నిలబడి ఉండగా, ఊపిరి బిగబట్టి రాసింది. పంపాల్సిన మాటలు అత్తగారే చెప్పింది. "మీ ఇంట్లో గ్యాసు లీకవుతోంది. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. తలుపులు తీసి వెంటనే బయటికెళ్లండి."

పంపమని నొక్కింది. కంగారులో ఎక్కడో ఓ చిన్న తప్పు దొర్లింది, సైటు కాదంది. కాదంటే మళ్లీ అడగమని కోడలే రాసింది. మధ్యలో ఎంతసేపు ఆగాలో మాత్రం రాయలేదు. లైబ్రరీ రెప్పపాటులో వందలసార్లు అదే తలుపు దబదబా బాదేసింది. సైటు నుంచి జవాబొచ్చింది: మీరు మరీ ఎక్కువసార్లు అడిగారు, పావుగంట ఆగండి.

"పావుగంటా!" అత్తగారు కుర్చీలో కూలబడింది.

గ్యాసు వాసన చిక్కబడుతోంది. కోడలు తప్పు దిద్దింది గానీ లాభమేముంది, తలుపు మూసుకుంది. బ్రేకుల మాస్టారికి ఫోన్ చేసింది. సైటు ఒక్కొక్కరికీ ఒక్కో తాళంచెవి ఇస్తుంది; ఆయనది వేరు, ఆయన తలుపు ఇంకా తెరిచే ఉంటుంది.

"సార్, ఒకరి ప్రాణం మీదికొచ్చింది. నేను రాసింది మీ దగ్గర నడపాలి. ఇప్పుడే."

"పంపు" అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. ఫోన్‌లో కీబోర్డు చప్పుడు వినిపించింది, ఆగింది. ఆ స్థితిలో కూడా చదువుతున్నాడు మహానుభావుడు.

"అమ్మా, మళ్లీ అడిగే ముందు ఇది ఆగట్లేదు. ఇలాగే నడిపితే నా తలుపూ మూసుకుంటుంది. ఒక్క లైను పెడుతున్నా... పెట్టాను. వెళ్లింది. రద్దీకి ఒకసారి వెనక్కొచ్చింది. ఆగింది. మళ్లీ వెళ్లింది. అందింది."

 ఆయన పెట్టిన లైనుని కోడలు తన దగ్గరా పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. పక్కన అత్తగారు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది.

పావుగంట గడిచింది. కోడలి తలుపు తెరుచుకోగానే ఆ నంబరు కింద ఏమైనా ఉందేమోనని అడిగింది. ఈసారి ఒక్కసారే అడిగింది.

ఉంది. "మెట్ల మీద ఉన్నా. గ్యాసువాళ్లు లోపలికెళ్లారు. మీరెవరో తెలీదు. మీకు దణ్ణం."

ఫ్యాను సందులోంచి గోరువెచ్చటి గాలి వచ్చింది. అందులో గ్యాసు లేదు. ముందు కాస్త పౌడరు, తర్వాత కారిపోయి ఎండిన పాలు, ఆ వెనక ఇంకేదో మెత్తటి వాసన. కోడలికి అదేమిటో తెలియలేదు. అత్తగారు ముఖం దగ్గరగా పెట్టి గుండెనిండా పీల్చింది. ఆమె కళ్లు నిండిపోయాయి.

"చంటిబిడ్డ మాడు వాసన, అమ్మాయ్" అంది. "ఇంకా నెల కూడా నిండలేదు."

ఇంకా ఫోన్‌లోనే ఉన్న బ్రేకుల మాస్టారు "ఏమైందమ్మా, ఏమైంది?" అంటున్నాడు.  అత్తగారే ఫోన్ అందుకుంది.

"ఇద్దరు, బాబూ" అంది. "మీరు కాపాడింది ఇద్దర్ని."