తప్పు బండిది

నేను ఒక తోపుడు బండిని. కూరగాయలమ్మే బండి అనుకునేరు! పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే స్ట్రోలర్‌ని. పుట్టింది చైనాలో, పెరిగింది స్కాట్లాండులో, అబర్డీన్ అనే సముద్రపు ఊళ్లో. మొదటి ఇంట్లో ఒక ఎర్రజుట్టు కుర్రాడు నా పట్టీలు నమిలి నమిలి పెద్దవాడయ్యాడు. ఆ తర్వాత వాళ్లు నన్ను పాత సామాన్ల దుకాణానికి ఇచ్చేస్తే, అక్కణ్ణుంచి యుగంధర్ తెచ్చుకున్నాడు. ప్రొద్దుటూరువాడు, ఇక్కడ ఇంజనీరు. ఇంటికి తెచ్చిన రోజే నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. లారీలకు చేసే మర్యాద నాకూ జరిగిందని ఎంత మురిసిపోయానో!

అతని భార్య హిమబిందు. కూతురు ధాత్రికి ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆ చలికాలమంతా ఆ పిల్లకి డైపర్ మాన్పించడానికి హిమబిందు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. తివాచీలు తడిశాయి, పరుపులు తడిశాయి, ఆమె ఓపిక మాత్రం తగ్గలేదు. చివరికి ఒకనాడు పిల్ల తనంతట తానే వచ్చి "సుస్సు" అని చెప్పింది. ఆ ఒక్క మాటకి ఇంట్లో పాయసం వండుకున్నారు.

అంతలో ఒక శనివారం హిమబిందుకి ఆసుపత్రి మందుల షాపులో డ్యూటీ పడింది. వెళ్తూ వెళ్తూ మొగుడికి మరీ మరీ చెప్పింది.

"అడిగిన ఎంటనే తీస్కపోండి. గద్దించొద్దు. భయపడిందంటే మళ్లా చెప్పడం మానుకుంటాది."

"నా బిడ్డను ఒక్క దినం నేను చూసుకోలేనా ఏంది? నువ్వు పో," అన్నాడు యుగంధర్. కన్నబిడ్డను ఒక్క పూట చూసుకోవడానికి మగవాడు యుద్ధానికి వెళ్తున్నంత హడావుడి చేస్తాడు.

పార్కుకి వెళ్లాం. బాతులకి మేత వేశారు, ఉయ్యాల ఊగారు. అప్పుడే ధాత్రి అతని ప్యాంటు పట్టుకు లాగి, "నాన్నా, సుస్సు," అంది. శభాష్ అనుకున్నాను. బాత్రూములు పార్కు అవతలి కొసన ఉన్నాయి. ఎత్తుకుని పరిగెత్తితే సరిపోయేది. కానీ యుగంధర్‌కి తన చిన్నప్పుడు వాళ్ల నాయన చేసిందే గుర్తొచ్చింది. పిల్లని ఒక పొద దగ్గరికి తీసుకెళ్లి, మోకాళ్లు మడిచి చేతుల్లో ఎత్తి పట్టుకుని, "స్స్స్స్..." అని మొదలుపెట్టాడు. ఆ శబ్దానికి లొంగని పసిపిల్లలు మన ఊళ్లలో లేరు. ధాత్రీ లొంగింది.

పొద వెనకాల బెంచీ ఉందని ఎవరు చూశారు? దాని మీంచి శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని లేచినవాడు ఎవరనుకున్నారు? యుగంధర్ ఆఫీసు మేనేజరు గ్రాంట్. పక్కన అతని భార్య. ఈ ధార సరాసరి వాళ్ల తిండి సంచి వైపే పారుతోంది!

యుగంధర్‌కి తల కొట్టేసినట్టయింది. సిగ్గు పడ్డవాడు సిగ్గు పడి ఊరుకోడు కదా, దాన్ని తీసుకెళ్లి ఇంకెవరి నెత్తినో పెడతాడు. పిల్లని కింద దించి, వేలు చూపిస్తూ, గ్రాంట్‌కి వినబడేలా ఇంగ్లీషులో అరిచాడు. "బ్యాడ్ గర్ల్! ఇక్కడ పోయొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఫరవాలేదు, చిన్నపిల్ల కదా," అంటూ గ్రాంట్ సంచి పక్కకి జరిపాడు.

"ఏం చెయ్యమంటారు, మాట వినదు," అని యుగంధర్ నవ్వాడు కూడా.

ఛీ! పోయించింది ఎవరయ్యా? నాకు నోరుంటే అక్కడే అడిగేసేదాన్ని. ధాత్రి లాగు సగం ఎక్కించుకుని అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత సముద్రం దగ్గరికెళ్లాం, ఐస్‌క్రీం తిన్నారు. "సుస్సు వస్తాందా?" అని అడిగినప్పుడల్లా "లేదు" అంది. నా ఒళ్లో కాళ్లు ఎంత గట్టిగా బిగించి కూర్చుందో నాకు తెలుసు. ఇంటికెళ్లే బస్సులో ఇక ఆపుకోలేకపోయింది. నా సీటు తడిసి, బస్సు నేలంతా తడిసింది. జనం కాళ్లు ఎత్తుకున్నారు. ధాత్రి గబుక్కున దిగి, నాకేసి వేలు చూపించి అరిచింది.

"నేను కాదు నాన్నా! బండి పోసింది. బ్యాడ్ బండి!"

నా చక్రాన్ని ఒక్క తన్ను తన్నింది కూడా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. యుగంధర్ నవ్వలేదు. మెడలో మఫ్లరు తీసి, మోకాళ్ల మీద కూర్చుని నేల తుడిచాడు. దిగేదాకా తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ఏమైందని హిమబిందు అడిగితే, "జ్యూస్ ఒలికింది," అన్నాడు.

మర్నాటి నుంచి ధాత్రి "సుస్సు" అనడం మానేసింది. మూలల్లో నక్కి తడుపుకునేది. మళ్లీ డైపర్లు వచ్చాయి. "నేనే తొందరపడినానేమో," అని హిమబిందు కళ్లొత్తుకుంటుంటే యుగంధర్ పక్కనే ఉన్నాడు. నేను కనబడితే చాలు, ముఖం తిప్పుకునేవాడు. చివరికి ఒక సాయంత్రం, చక్రం పాడైందని భార్యకి చెప్పి, నన్ను చెత్తతొట్ల దగ్గరికి తోసుకొచ్చాడు. నా చక్రాలు నిక్షేపంగా ఉన్నాయి.

వెంట వచ్చిన ధాత్రి నా పట్టీ పట్టుకుని వదల్లేదు.

"బండి పోయలేదు నాన్నా," అంది, తిట్లు పడతాయని కళ్లు గట్టిగా మూసుకుని. "నేనే పోసినా. బండిని పారెయ్యొద్దు."

యుగంధర్ ఆ తొట్ల మధ్యే కూలబడ్డాడు. కాసేపటికి పిల్లని నాలో కూర్చోబెట్టి, పైకి తీసుకొచ్చి, సరాసరి వంటింట్లోకి తోశాడు.

"చక్రానికేం కాలేదు," అన్నాడు హిమబిందుతో. "ఆ పొద్దు పార్కులో..."

హిమబిందు పొయ్యి ఆపేసింది. అతను తల దించుకుని, పొద దగ్గర్నుంచి బస్సుదాకా అంతా చెప్పాడు. "బిడ్డ సరిగ్గానే అడిగింది. తప్పు చేసింది నేను," అన్నాడు.

ఆమె అతనికేసి అలా చూస్తూనే ఉంది. ధాత్రి అమ్మ ముఖం చూసింది, నాన్న ముఖం చూసింది. నా మీంచి దిగి వెళ్లి అతని కాలు వాటేసుకుంది.

"అమ్మా," అంది, "నాన్నను పారెయ్యొద్దు."